వాయిదాలో పుట్టిన ప్రొబేషన్

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి. ప్రొబేషన్, అంటే నేరం రుజువైనవాణ్ని జైలుకు పంపకుండా షరతుల మీద బయట ఉంచి కనిపెట్టి చూసే పద్ధతి, 1907లో ఇంగ్లండ్ చట్టంతో మొదలైందని మీ లా కాలేజీ నోట్సు చెబుతోంది. అమెరికాలో ఎవరో చెప్పులు కుట్టే మనిషి మొదలుపెట్టాడని మరోచోట చదివారు. ఏది నిజమో చెప్పమన్నారు. పనిలో పనిగా, తొలి తప్పు అని వదిలేయడానికి ఇంత చరిత్ర, దానికో ప్రత్యేక ఉద్యోగి ఎందుకని కూడా అడిగారు. నేను కోస్తా జిల్లాల్లో చాలా ఏళ్లు ప్రొబేషన్ అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. చరిత్రకారుణ్ని కాను. చేస్తున్న పని ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న పిచ్చి మాత్రం చేరిన ఏడాది నుంచీ ఉంది. కాస్త పొడుగ్గానే చెబుతాను.

ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండింటి చిక్కుముడి అక్కడే ఉంది. ముద్దాయిని వదిలేయడం ప్రొబేషన్‌తో వచ్చిన కొత్త పద్ధతి కాదు. ఇంగ్లండ్‌లో ఉరిశిక్షల జాబితా చాంతాడంత ఉన్న రోజుల్లోనే జడ్జీలు తప్పించే దారులు వెతుక్కున్నారు. తీర్పు చెప్పకుండా ఆపి ఉంచేవారు, క్షమాభిక్షకు సిఫారసు చేసేవారు, పిలిచినప్పుడు వస్తానని, అందాకా బుద్ధిగా ఉంటానని ముచ్చలిక రాయించుకొని పంపేసేవారు. లేనిదల్లా ఒకటే. ముచ్చలిక రాసిన రోజుకూ మళ్లీ కోర్టు మెట్లెక్కే రోజుకూ మధ్య ఆ మనిషి ఎక్కడ పడుకుంటున్నాడు, పనికి వెళ్తున్నాడా, పాత సావాసాల్లో పడ్డాడా అని చూసే దిక్కు లేదు. మన కోర్టుల్లో వాయిదా అన్న మాట వింటేనే కక్షిదారుకు నీరసం వస్తుంది. ప్రొబేషన్ చరిత్రంతా ఆ వాయిదా రోజులను ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఈ ఒక్క దారం పట్టుకుంటే 1841, 1878, 1907, 1958 అన్నీ ఒకే దండలోకి వస్తాయి.

చట్టం లేకుండానే ఈ పని చేసిన కోర్టుల్లో అమెరికాలోని బోస్టన్ మున్సిపల్ కోర్టు ముందు వరుసలో ఉంది. అక్కడ పీటర్ ఆక్సెన్‌బ్రిడ్జ్ థాచర్ అనే జడ్జి ఉండేవారు. 1830లో జెరుషా చేజ్ అనే మహిళ దొంగతనం కేసులో నేరం ఒప్పుకుంది. ఆమె స్నేహితులు బతిమాలారు, ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పలేదు. పిలిచినప్పుడు రావాలన్న షరతుతో ఆయన ఆమెను పంపేశారు. కథ అక్కడితో ఆగితే అది దయగల జడ్జి కథ మాత్రమే. మరుసటి ఏడాది ఆమె మీద ఇంకో దొంగతనం కేసు వచ్చింది. అందులో ఆమె నిర్దోషిగా తేలింది. అయినా ప్రాసిక్యూటర్, పాత కేసులో ఆపి ఉంచిన శిక్ష ఇప్పుడు వేయండి అన్నారు. కోర్టు ఆ అధికారం తనకు ఉందని తేల్చింది. లా విద్యార్థి గమనించాల్సింది ఈ రెండో భాగాన్నే. వదిలేసిన కేసు చచ్చిపోలేదు, నిద్రపోయిందంతే. ఇవాళ ప్రొబేషన్ షరతు తప్పితే మళ్లీ కోర్టుకు పిలిచి అసలు నేరానికి శిక్ష వేయడంలో ఉన్న తర్కం ఇదే.

అట్లాంటిక్‌కు ఇవతల బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ డావెన్‌పోర్ట్ హిల్ ఉన్నారు. ఆయన 1839లో అక్కడ రికార్డర్, అంటే నగర న్యాయాధిపతి అయ్యారు. కుర్ర లాయరుగా ఉన్నప్పుడు వార్విక్‌షైర్ మేజిస్ట్రేట్లు బాల నేరస్తులకు ఒక్కరోజు ఖైదు వేసి, వాళ్లను పనిలో పెట్టుకున్న యజమానులకో తల్లిదండ్రులకో అప్పగించడం చూశారు. తన చేతికి అధికారం రాగానే ఒక మెట్టు పైకి వెళ్లారు. అప్పగించుకున్న వాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో రాయించి, అప్పుడప్పుడు పోలీసు అధికారిని పంపి పిల్లలు ఎలా ఉన్నారో విచారించి రమ్మనేవారు. రిజిస్టరు, ఇంటికి వెళ్లి చూసి రావడం అనే రెండూ మా ఉద్యోగానికి మొదటి పనిముట్లు. వెళ్లేది మాత్రం పోలీసు. ఆ తేడా ఎంత పెద్దదో తర్వాత చెబుతాను.

ఇప్పుడు మీ చెప్పుల మనిషి దగ్గరకు వద్దాం. జాన్ అగస్టస్ 1785లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. రోడ్డు పక్కన కూర్చుని అట్టలు కుట్టే పేదవాడని మన దగ్గర కొన్ని గైడ్లలో రాసేశారు. నిజానికి ఆయన బూట్లు తయారుచేసే వ్యాపారి. మొదట లెక్సింగ్టన్‌లో, తర్వాత బోస్టన్‌లో దుకాణం నడిపాడు. ఆ దుకాణం పోలీసు కోర్టుకు దగ్గర్లోనే ఉండటం చరిత్రకు కలిసొచ్చింది. అప్పుడే ఊపందుకున్న మద్యపాన విసర్జన ఉద్యమంలో ఆయన సభ్యుడు. తాగనని సంతకం చేయించడం ఆ ఉద్యమం పద్ధతి.

1841 ఆగస్టులో ఒక ఉదయం ఆయన కోర్టులో కూర్చుని ఉండగా, చిరిగిన బట్టలతో ఒక తాగుబోతును లోపలికి తెచ్చారు. నేరం రుజువైంది, శిక్ష ఇంకా చెప్పలేదు. అగస్టస్ అతనితో నాలుగు మాటలు మాట్లాడాడు. దిద్దుబాటు గృహానికి పంపకపోతే మళ్లీ ముట్టనని అతనన్నాడు. అగస్టస్ కోర్టు అనుమతితో పూచీ నిలబడ్డాడు. మూడు వారాల్లో మళ్లీ హాజరు కావాలి. కోర్టు దాటకముందే అతని చేత సంతకం చేయించాడు. మూడు వారాలకు అతన్ని తీసుకొస్తే, వీడే వాడంటే ఎవరూ నమ్మలేదట. మామూలుగా పడాల్సిన ఖైదు బదులు జడ్జి ఒక్క సెంటు జరిమానా, ఖర్చులు వేశారు. అన్నీ కలిపి 3 డాలర్ల 76 సెంట్లు. అక్కడికక్కడే కట్టేశాడు.

ఈ ఘట్టాన్ని అందరూ అద్భుతంలా చెబుతారు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆ మూడు వారాలు. జడ్జి శిక్ష మాఫీ చేయలేదు, వాయిదా వేశారు. వాయిదాలో అతని పక్కన ఒకడు ఉన్నాడు. వాయిదా రోజున కోర్టుకు ఒక నివేదిక వచ్చింది, నోటిమాటే అయినా సరే. ఆ నివేదిక చూసి శిక్ష తేలింది. ఎంపిక, పూచీ, పర్యవేక్షణ, నివేదిక. ఇవాళ మా దస్త్రాల్లో ఉండే నాలుగు అంకాలూ ఆ ఒక్క కేసులో ఉన్నాయి.

మొదట్లో తాగుబోతులైన మగవాళ్లకే పూచీ ఉండేవాడు. రెండేళ్లలో ఆడవాళ్లకు, పిల్లలకు కూడా మొదలుపెట్టాడు. 1847 ప్రాంతంలో ఏడేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య వయసున్న పందొమ్మిది మంది కుర్రాళ్ల బాధ్యత తీసుకున్న సంగతి ఆయనే రాశాడు. ఆ కేసులను నెలల తరబడి వాయిదా వేయించాడు. ప్రతి నెలా కేసుల జాబితా పిలిచే రోజున కోర్టుకు వెళ్లి ఎవరెలా ఉన్నారో చెప్పేవాడు. అలా అయిదారు నెలలు గడిచేవి. ఆ గడువుకు ఆయన వాడిన మాటే ‘ప్రొబేషన్’. పరీక్షించి చూడటమని అర్థం వచ్చే లాటిన్ మూలం నుంచి పుట్టింది. మఠాల్లో చేరేవాళ్లకు, కొత్త ఉద్యోగులకు వాడే మాటను కోర్టు బోనులోకి తెచ్చిన ఘనత ఆయనకే ఇస్తారు.

ఆయన్ను అందరూ మెచ్చుకున్నారనుకుంటే పొరపాటు. తాగుబోతును దిద్దుబాటు గృహానికి తరలిస్తే కోర్టు అధికారికి కేసుకు 62 నుంచి 75 సెంట్ల ఫీజు ముట్టేది. అగస్టస్ పూచీ నిలబడిన ప్రతిసారీ ఆ ఫీజు ఎగిరిపోయేది. అంటే ఆయన ఎవరిని బాగుచేసినా ఇంకెవరి జేబుకో చిల్లు పడేది. అధికారులు ఆయన వస్తున్నాడని తెలిస్తే కేసులు ముందే పిలిపించడం, లోపలికి రానివ్వకుండా సతాయించడం చేశారని ఆయన రాతల్లో ఉంది. ప్రభుత్వ కొలువులో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఒక సంస్కరణను ఎవరు అడ్డుకుంటారో తెలుసుకోవాలంటే సిద్ధాంత గ్రంథాలకన్నా ముందు ఫీజుల పట్టిక చూడాలి.

1852లో ఆయన తన పదేళ్ల పని గురించి ఒక నివేదిక అచ్చు వేయించాడు. ఇప్పుడు మనకు తెలిసిన సంగతుల్లో ఎక్కువ భాగం అందులోవే. అందుకే కాస్త జాగ్రత్తగా చదవాలి. తన పని గురించి తనే రాసుకున్న లెక్కలవి. 1858 నాటికి ఆయన 1,946 మందికి పూచీ నిలబడ్డాడు. వాళ్లలో 1,152 మంది మగవాళ్లు, 794 మంది ఆడవాళ్లు. పూచీ సొమ్ము కోల్పోయింది పదిమంది విషయంలోనే అంటారు. ఈ సంఖ్యను సెమినార్లలో చూపించి ప్రొబేషన్ మహిమ అని చప్పట్లు కొట్టించుకునే వాళ్లను చూశాను. నన్నడిగితే ఈ అంకె చెప్పేది వేరే. కోర్టుకు రాకపోవడం వేరు, మళ్లీ తప్పు చేయడం వేరు. పదిమంది అన్నది మొదటి లెక్క. పైగా, ముఖ్యంగా తొలి నేరం చేసినవాళ్లనే, మనసు పూర్తిగా చెడిపోలేదని తనకు తోచినవాళ్లనే తీసుకుంటానని ఆయనే రాశాడు. వయసు, అంతకుముందు నడవడిక, ఇకపై ఎవరి మధ్య బతకబోతున్నాడు అన్నవి విచారించేవాడు. దీన్ని కొందరు లోపంగా చెబుతారు. నేను దాన్నే ఆయన అసలు పనితనం అంటాను. ఎవరికి జైలు అక్కర్లేదో కోర్టు హాల్లో నాలుగు మాటల్లో పసిగట్టడం చట్టం నేర్పదు. నేను నేర్చుకోవడానికి పదేళ్లు పట్టింది, అప్పటికీ బోల్తా పడ్డ సందర్భాలున్నాయి.

పద్దెనిమిదేళ్లు ఆయనకు జీతం లేదు, హోదా లేదు, కోర్టులో కుర్చీ కూడా లేదు. వ్యాపారం చితికిపోయింది, దాతల సాయంతో నెట్టుకొచ్చాడు. 1859 జూన్ 21న చనిపోయాడు. తొలి ప్రొబేషన్ అధికారి అని ఆయన్ను గౌరవంగా పిలవొచ్చు, పరీక్షలో మాత్రం స్వచ్ఛంద సేవకుడు అని రాయండి. ఆ తర్వాత ఆ పనిని జైలు మతబోధకుడు రూఫస్ కుక్, మరికొందరు భుజాన వేసుకున్నారు. 1869లో మసాచుసెట్స్ ప్రభుత్వం బాల నేరస్తుల కేసుల్లో హాజరై మాట్లాడేందుకు ఒక ప్రతినిధిని పెట్టింది.

జీతం ఇచ్చే చట్టం 1878లో వచ్చింది. బోస్టన్ మేయరు ఒక ప్రొబేషన్ అధికారిని నియమించాలి, పోలీసుల నుంచైనా పౌరుల నుంచైనా సరే అంది. పోలీసు నుంచే తెచ్చారు. ఆ పదవిలో పేరు తెచ్చుకున్న ఎడ్వర్డ్ సావేజ్ అంతకుముందు బోస్టన్ పోలీసు అధిపతి. మనిషి మంచివాడే, జనంలో పలుకుబడి ఉన్నవాడు. కానీ చిక్కు మనిషిలో లేదు. వారం క్రితం పట్టుకున్నవాడే ఈ వారం ఇంటికొచ్చి ఎలా ఉన్నావని అడిగితే తలుపు వెనక ఉన్నవాడు నిజం చెప్పడు. బర్మింగ్‌హామ్ రిజిస్టరు దగ్గర ఆగిన మాట ఇదే. తర్వాతి చట్టాలు పనిలో ఉన్న పోలీసును ఈ ఉద్యోగంలో పెట్టరాదన్నాయి. 1880లో ఇతర పట్టణాలకు ఇష్టమైతే పెట్టుకోమన్నారు, పెద్దగా ఎవరూ పెట్టుకోలేదు. 1891లో నియామక అధికారాన్ని నగరపాలకుల నుంచి కోర్టులకు మార్చి, తప్పనిసరి చేశారు. అగస్టస్ తొలి పూచీకీ దీనికీ మధ్య యాభై ఏళ్లు. 1899లో చికాగోలో మొదలైన బాలల కోర్టు ఈ పద్ధతిని అమెరికా అంతా తెలిసేలా చేసింది. అక్కడ కూడా చట్టం ప్రొబేషన్ అధికారులను పెట్టమంది కానీ ప్రభుత్వ ఖజానా నుంచి జీతం ఇవ్వొద్దంది.

ఇంగ్లండ్ దారి వేరు, మొదలు మాత్రం అదే సారా సీసా. 1876లో హెర్ట్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రెడరిక్ రైనర్ అనే ముద్రాపకుడు చర్చికి చెందిన మద్యపాన విసర్జన సంఘానికి ఉత్తరం రాశాడు. తాగి పట్టుబడటం, శిక్ష, విడుదల, మళ్లీ తాగి పట్టుబడటం, ఈ గానుగెద్దు తిరుగుడును కోర్టు దగ్గరే ఆపలేమా అని అడిగి, ఉత్తరంతో పాటు అయిదు షిల్లింగులు పంపాడు. ఆ సంఘం లండన్‌లోని సదర్క్ కోర్టులో జార్జ్ నెల్సన్ అనే మాజీ సైనికుణ్ని పెట్టింది. వాళ్లను పోలీసు కోర్టు మిషనరీలు అనేవారు. మొదట వాళ్ల పని ప్రతిజ్ఞలు రాయించడం, ప్రార్థన చేయించడం. మేజిస్ట్రేట్లకు మాత్రం వేరే అవసరం కనిపించింది. ఈ కుర్రాడి ఇల్లు ఎలాంటిదో చూసి రండి, ఇతనికి ఎక్కడైనా పని దొరుకుతుందేమో కనుక్కోండి అని పురమాయించడం మొదలుపెట్టారు. మత ప్రచారకులుగా వచ్చినవాళ్లు క్రమంగా కోర్టుకు కళ్లుగా మారారు.

1887లో ఇంగ్లండ్ ఒక చట్టం చేసింది. పేరులో ప్రొబేషన్ ఉంది, తొలిసారి నేరం చేసినవాళ్లకు అని ఉంది. మసాచుసెట్స్ పద్ధతి చూసి ముచ్చటపడ్డ హోవర్డ్ విన్సెంట్ దాన్ని పార్లమెంటులో ప్రతిపాదించాడు. అయితే చివరికి బయటికొచ్చిన చట్టంలో పర్యవేక్షణ ఊసే లేదు. ముచ్చలిక రాయించుకొని పంపమంది, చూసే మనిషిని ఇవ్వలేదు. పెళ్లికొడుకు లేని ఊరేగింపు అన్నమాట. మీ నోట్సు చెప్పే 1907 చట్టం నింపింది ఈ ఖాళీని. హోంశాఖలో ఉపమంత్రిగా ఉన్న హెర్బర్ట్ శామ్యూల్ దాన్ని సభలో నడిపించారు. 1908 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ప్రొబేషన్ అధికారి ముద్దాయికి సలహా ఇవ్వాలి, సాయం చేయాలి, స్నేహంగా ఉండాలి అని మూడు క్రియలు అందులో రాశారు. మూడో క్రియ ఒక శిక్షా చట్టంలో కనిపించడం నాకు ఇప్పటికీ వింతే. అధికారులను పెట్టడం మాత్రం అప్పటికీ కోర్టుల ఇష్టం. తప్పనిసరి చేసింది 1925 చట్టం. కాబట్టి 1907 పుట్టిన తేదీ కాదు, ఇంగ్లండ్‌లో పేరు పెట్టిన రోజు అనుకోండి. యూరప్‌లో బెల్జియం 1888లో, ఫ్రాన్స్ 1891లో షరతు మీద శిక్ష ఆపే చట్టాలు చేశాయి. అవీ మనిషి లేని వాయిదాలే.

న్యాయశాస్త్రం చదివేవారు కాబట్టి ఇంకో ప్రశ్న మీకు తట్టాలి. చట్టం లేకుండా శిక్ష ఆపే అధికారం జడ్జికి ఎక్కడిది? ఇది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒహాయోలో జాన్ కిల్లిట్స్ అనే ఫెడరల్ జడ్జి ముందుకు బ్యాంకు సొమ్ము 4,700 డాలర్లు కాజేసిన యువకుడి కేసు వచ్చింది. తొలి నేరం, సొమ్ము తిరిగి ఇచ్చేశాడు, కేసు నడపాలన్న పట్టుదల బ్యాంకు వాళ్లకు లేదు. చట్టం ప్రకారం అయిదేళ్ల ఖైదు తప్పదు. జడ్జి ఖైదు వేసి, దాన్ని అతని మంచి నడవడిక ఉన్నంత కాలం ఆపేశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1916 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. కొద్దికాలం ఆపడం వేరు, శాశ్వతంగా ఆపడం వేరు, రెండోది చట్టసభ ఇచ్చిన శిక్షను జడ్జి చెరిపేయడమే అంది. కావాలంటే చట్టసభ ఆ అధికారం ఇవ్వొచ్చని దారి కూడా చూపింది. థాచర్ నుంచి వస్తున్న అలవాటుకు ఫెడరల్ కోర్టుల్లో అలా తెర పడింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1925లో, ఫెడరల్ ప్రొబేషన్ చట్టం వచ్చింది. సంతకం పెట్టిన అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ అంతకుముందు మసాచుసెట్స్ గవర్నరు. ఆ రాష్ట్రం నుంచి వచ్చినవాడికి ఇది కొత్త వంట కాదు. నేను విద్యార్థులకు ఈ కేసు తప్పక చదవమంటాను. ప్రొబేషన్ జడ్జి మంచితనం అన్న భ్రమ దీనితో పోతుంది.

ఇక మన దేశం. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 562వ సెక్షన్ ఉండేది. దొంగతనం, మోసం వంటి కేసుల్లో, రెండేళ్లకు మించని శిక్ష పడే ఇతర నేరాల్లో తొలి నేరస్తుణ్ని సత్ప్రవర్తన బాండు మీద పంపొచ్చంది. వయసు, నడవడిక, పూర్వ చరిత్ర, నేరం స్వల్పత అనే కొలమానాలను ఇంగ్లండ్ 1887 చట్టం పక్కన పెట్టి చదివి చూడండి, పోలిక మీకే తెలుస్తుంది. అందులోని లోటు కూడా అలాగే దిగుమతి అయింది. బాండు ఉంది, మనిషి లేడు. ఆ సెక్షనే 1973 కోడ్‌లో 360గా, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 401గా కొనసాగుతోంది.

మనిషిని తెచ్చే ప్రయత్నం మన వైపు ముందుగా జరిగిన చోట్లలో మద్రాసు రాష్ట్రం ఒకటి. 1920లోనే బాలల చట్టం చేసిన రాష్ట్రమది. అదే కాలంలో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన కూర్చున్న జైళ్ల కమిటీ జైలు బయటి మార్గాల వైపు చూడమంది. 1931లో భారత ప్రభుత్వం ఒక ముసాయిదా తయారుచేసింది, అది అఖిల భారత చట్టం కాలేదు. రాష్ట్రాలే ఎవరికి వారు చేసుకున్నాయి. మద్రాసు ప్రొబేషన్ చట్టం పేరులో 1936 ఉంటుంది, అది 1937లో మూడో నంబరు చట్టం. సర్కారు జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి తెలుగు నేల మీద ఆ ప్రాంతాలకు ప్రొబేషన్ చట్టం అలా వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పాత ఉద్యోగులు కొందరు ‘మద్రాసు యాక్టు’ అనే మాట ఇంకా వాడేవారు.

1958లో జమ్మూ కశ్మీర్ తప్ప దేశమంతటికీ ఒకే ప్రొబేషన్ చట్టం వచ్చింది. ఇందులో ఒక సంగతి విద్యార్థులు దాటేస్తారు. అది ఒక్కరోజులో దేశమంతా అమల్లోకి రాలేదు. రాష్ట్రాలు వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు తేదీల్లో వర్తింపజేశాయి. ఈ తేదీల గొడవలోంచే రతన్‌లాల్ కేసు పుట్టింది. పంజాబ్‌లో పదహారేళ్ల కుర్రాడికి మేజిస్ట్రేటు 1962 మే నెలలో ఆరు నెలల కఠిన ఖైదు వేశారు. ఆ జిల్లాకు చట్టం సెప్టెంబరు 1న వచ్చింది. అప్పీలు ఆ తర్వాత కొట్టేశారు. శిక్ష పడిన నాటికి లేని చట్టం మేలు అతనికి దక్కుతుందా? 1964లో సుప్రీంకోర్టులో మెజారిటీ తీర్పు దక్కుతుందంది. రాసింది మన కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయినవారు. నేర శిక్షను పెంచే చట్టం వెనక్కి వెళ్లకూడదు, కాఠిన్యాన్ని తగ్గించే చట్టం వెళ్తే తప్పులేదు అన్నది ఆ తర్కం. ఇరవై ఒక్క ఏళ్లలోపు వారిని వీలైనంత వరకు జైలుకు పంపకూడదనే ఆరో సెక్షన్ ఉద్దేశాన్ని అప్పీలు కోర్టు కూడా నెరవేర్చాలన్నారు. ఒకరు విభేదించారు, ఆ భిన్నాభిప్రాయం కూడా చదవండి. మొదటి కోర్టుకు లేని అధికారం అప్పీలు కోర్టుకు ఎలా వస్తుందన్న వాదన తేలిగ్గా తీసేసేది కాదు.

ఈ చట్టంలో ప్రొబేషన్ అధికారి విధులు పద్నాలుగో సెక్షన్‌లో ఉన్నాయి. ముద్దాయి ఇల్లూ వాకిలీ విచారించి కోర్టుకు నివేదిక ఇవ్వాలి, పర్యవేక్షించాలి, అవసరమైతే పని వెతికిపెట్టాలి, సలహా ఇవ్వాలి, సాయం చేయాలి. 1907 నాటి మూడు క్రియల్లో రెండు కనిపిస్తాయి. స్నేహంగా ఉండాలన్నది లేదు. ఎవరైనా కావాలని తీసేశారని నేననను, కానీ లేకపోవడం గమనించదగ్గదే. కొత్తలో ఒక సైకిలు దొంగతనం కేసులో ముద్దాయి ఇంటికి వెళ్తే, అతని నాయనమ్మ నా చేతిలోని ఫైలు చూసి, “బాబూ, మీరు కోర్టు తరఫా, మా వాడి తరఫా?” అని అడిగింది. నిజాయితీగా చెప్పాలంటే రెండు వైపులా. ఆమె చెప్పే ప్రతి మాటా నా నివేదికలోకి వెళ్తుంది, ఆ నివేదికే కుర్రాణ్ని ఇంట్లో ఉంచొచ్చు, లోపలికీ పంపొచ్చు. అగస్టస్‌కు ఈ ఇరకాటం లేదు, సొంత డబ్బు పణంగా పెట్టినవాడు ముద్దాయి తరఫే. జీతం తీసుకున్న మొదటి రోజు నుంచీ మాకు ఉంది. ఆమెకు నేనేదో గొణిగి, మంచం మీద కూర్చుని, కుర్రాడు ఏ వేళకు ఇంటికొస్తాడో అడిగి రాసుకున్నాను.

మీరు ఇంటర్న్‌షిప్‌కు మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. 1958 చట్టం నాలుగో సెక్షన్ కింద బాండు మీద విడుదల చేసిన ఉత్తర్వులు కొన్ని అడిగి చూడండి. వాటిలో మూడో ఉపసెక్షన్ కింద పర్యవేక్షణ ఉత్తర్వు కూడా ఉన్నవి ఎన్ని, ఒట్టి బాండుతో ముగిసినవి ఎన్ని, లెక్క రాసుకోండి. ఆ కోర్టు 1887లో ఉందో 1907లో ఉందో మీకు తెలిసిపోతుంది. ఆ లెక్కతో వస్తే మిగతాది అక్కడినుంచి మాట్లాడుకుందాం.